అప్‌డేట్: సీరియల్ కేబుల్ మీద మల్టీమీటర్ రీడింగ్ ఇవ్వని సమస్య తీరింది

పర్లాకిమిడిలో మా కాలేజీ ల్యాబ్‌లోని హెచ్‌పీ 34401ఏ మల్టీమీటర్ (వోల్టేజ్ లాంటివి కొలిచే మీటర్) గురించి ఇంతకుముందు అడిగాను. ఆర్‌ఎస్-232 (సీరియల్ కేబుల్) మీద ల్యాప్‌టాప్ నుంచి వోల్టేజ్ అడిగితే మీటర్ బీప్‌మని ఊరుకునేది, పైథాన్ ప్రోగ్రామ్ టైమౌట్ అయ్యేది. సాయం చేసిన అందరికీ థ్యాంక్స్.

పని చేసింది "కేబుల్ జోలికి పోకముందు మీటర్‌లో ఎర్రర్ చూడండి" అన్న అన్నయ్య సలహా. డిస్‌ప్లేలో ఎర్రర్ అన్న చిన్న అక్షరాలు వెలుగుతూనే ఉన్నాయి. ముందు ప్యానెల్ మెనూలోకి వెళ్తే 550 కనిపించింది: లోకల్ మోడ్‌లో (ముందు బటన్లతో నడిచే స్థితిలో) ఈ కమాండ్ కుదరదని అర్థం. జీపీఐబీలో (మీటర్‌ను కంప్యూటర్‌కు కలిపే ఇంకో రకం కనెక్షన్‌లో) రిమోట్ మోడ్‌కు, అంటే కంప్యూటర్ నుంచి నడపడానికి, విడిగా ఒక వైరే ఉంటుంది. సీరియల్‌లో అది లేదు కాబట్టి, పోర్ట్ తెరవగానే "సిస్టమ్:రిమోట్" అని మనమే పంపాలి. ఆ ఒక్క లైన్ చేర్చాక "మెజర్:వోల్టేజ్:డీసీ?" అనగానే రీడింగ్ వచ్చేసింది.

యూఎస్‌బీ కన్వర్టర్ మార్చడం, డ్రైవర్ మళ్లీ వేయడం, బాడ్ రేట్ (డేటా పంపే వేగం) తగ్గించడం, వీటికీ దీనికీ సంబంధమే లేదు. బరంపురం నుంచి తెప్పించిన కొత్త కన్వర్టర్ ఇప్పుడు సొరుగులో పడి ఉంది. అయితే ఫ్యాక్టరీ సెట్టింగ్ 9600 బాడ్, 7 బిట్లు, ఈవెన్ పారిటీ (తప్పులు పట్టడానికి చేర్చే అదనపు బిట్). ప్రోగ్రామ్‌లోనూ అదే ఉండాలి, మామూలుగా పెట్టే 8 బిట్లు కాదు.

ఇంకోటి, ఎర్రర్ క్యూలో (మీటర్ దాచుకునే ఎర్రర్ల వరుసలో) 20 దాకా నిలవ ఉంటాయి, పాతదే ముందు వస్తుంది. కాబట్టి ఖాళీ చేసి మళ్లీ పరీక్షించండి. పని అయ్యాక "సిస్టమ్:లోకల్" పంపితే ముందు బటన్లు మళ్లీ పనిచేస్తాయి.