కరిష్మా కపూర్ తొలి రోజులు: ఇంటిపేరుకు ఎంత వాటా?

పాతరీలు:
సినిమా కుటుంబాల వారసుల గురించిన చర్చలో ఒక సభ్యులు "కరిష్మా కపూర్ నటజీవితం వడ్డించిన విస్తరి" అని తేల్చేశారు. నేను ఒప్పుకోలేను. 1991లో ఆమె తండ్రి రణధీర్ కపూర్ స్వయంగా దర్శకత్వం వహించిన 'హెన్నా' కపూర్ల సొంత నిర్మాణ సంస్థ ఆర్.కె. నుంచి విడుదలైంది. అందులో కథానాయిక పాకిస్తాన్ నుంచి వచ్చిన జేబా బఖ్తియార్. అదే ఏడాది, పదిహేడేళ్లు నిండీ నిండకముందే తెరకెక్కిన కరిష్మాకు తొలి అవకాశం ఇచ్చినది మన డి. రామానాయుడు గారు. ఈ.వి.వి. సత్యనారాయణ తీసిన 'ప్రేమఖైదీ' (1990)ని కె. మురళీమోహనరావు దర్శకత్వంలో హిందీలోకి తీసుకెళ్లినప్పుడు, హీరోగా హరీష్‌నే ఉంచి, మాలాశ్రీ వేసిన పాత్రను ఈ అమ్మాయికి ఇచ్చారు. ఇంట్లో సొంత సంస్థ ఉండగా పొరుగువారి రీమేకుతో మొదలుపెట్టడాన్ని వడ్డించిన విస్తరి అనవచ్చునా?

నేలటికెట్టు:
పాతరీలు గారూ, విస్తరి ఎవరింట్లో వేశారన్నది కాదు ప్రశ్న, ఆమెను పంక్తిలోకి పిలిచినది దేన్ని చూసి అన్నది. హిందీ ప్రేక్షకులకు హరీష్ కొత్తవాడు. అటువంటి చిత్రానికి రాజ్ కపూర్ మనవరాలు కథానాయిక కావడంలోని వ్యాపార విలువ రామానాయుడు గారంతటి నిర్మాతకు తెలియదంటే నమ్మలేను. 1992లో 'పోలీస్ ఆఫీసర్', 'జాగృతి', 'నిశ్చయ్', 'సప్నే సాజన్ కే' వరుసగా వచ్చాయి. వాటి మధ్య గట్టిగా నిలబడినది 'జిగర్' ఒక్కటే. ఆ పేరు లేని అమ్మాయికి అన్నిసార్లు తప్పటడుగు వేసే వెసులుబాటు దొరికేదా?

తెరవెనుక:
చిన్న సవరణ. "కపూర్ ఇంటి ఆడపిల్లల్లో మొట్టమొదటి నటి" అని కరిష్మా గురించి తరచూ రాస్తుంటారు. శశి కపూర్ కుమార్తె సంజన 1988లోనే 'హీరో హీరాలాల్'లో నసీరుద్దీన్ షా సరసన నటించారు. కరిష్మా తల్లి బబిత, పినతల్లి నీతూ సింగ్ పెళ్లయ్యాక నటనకు దూరమైన ఇల్లు అది. కాబట్టి కరిష్మా తెగువను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

పాతరీలు:
సవరణకు కృతజ్ఞతలు. నేలటికెట్టు గారూ, 1992 గురించి మీరన్నది సబబే. అయితే 1993లో 'చంటి' కథను 'అనాడీ'గా తీసినప్పుడు రామానాయుడు గారు, మురళీమోహనరావు గారు మళ్లీ ఆమెనే తీసుకున్నారు. ఇంటిపేరు మొదటిసారి పని చేసిందనుకున్నా, ఆమె పని నచ్చకపోతే రెండోసారి పిలుస్తారా? (అన్నట్టు, కరిష్మా నటించిన 1995 నాటి హిందీ 'కూలీ నెం.1'ను మన వెంకటేశ్ చిత్రానికి రీమేకనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. పేరొక్కటే, కథలు వేరు. షబానా అజ్మీ మేనకోడలు టబు కథానాయికగా పరిచయమైనది ఆ తెలుగు చిత్రంతోనే, అదీ రామానాయుడు గారి సురేశ్ ప్రొడక్షన్స్‌లోనే.)

నేలటికెట్టు:
'అనాడీ' వెంకటేశ్‌కు తొలి హిందీ చిత్రమన్న సంగతి మరచినట్టున్నారు. అంటే మళ్లీ అదే లెక్క: హీరో అక్కడివారికి కొత్త, తెలిసిన ముఖం కథానాయికదే. ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. 1991లో వారికి కావలసినది ఆమె ఇంటిపేరైతే, 1993 నాటికి ఆ ముఖం జనానికి తెలిసినది ఆమె చేసిన సినిమాల వల్లనే, అందులో ఆడనివి ఎన్ని ఉన్నా.