‘డ్రోవర్’ని తెలుగులో ఏమనాలి?

ఆస్ట్రేలియా రచయిత హెన్రీ లాసన్ కథ ‘ద డ్రోవర్స్ వైఫ్’ని తెలుగు చేస్తున్నానండీ. సిడ్నీ వారపత్రిక ‘ద బులెటిన్’లో 1892 జులై 23న వచ్చిన కథ. వారం నుంచీ పేరు దగ్గరే ఆగిపోయాను. ‘గొల్లవాని ఇల్లాలు’ అని రాసి కొట్టేశాను. గొల్ల అనగానే మనకు కులం, సొంత మంద గుర్తొస్తాయి. కథలో ఈ డ్రోవర్ కరువొచ్చి, తనకున్న గొర్రెలన్నీ పోగొట్టుకుని, మళ్లీ వేరేవాళ్ల మందలు తోలే పనికి పోయినవాడు. ఇంటికి కబురంది ఆరు నెలలు. ‘కాపరి భార్య’ అంటే సరిపోతుందా?

— సరిపోదు. కాపరి కాస్తాడు, డ్రోవర్ తోలతాడు. మాట మీ వాక్యంలోనే ఉంది కదా! బండి తోలతాం, పొలానికి మట్టి తోలిస్తాం, మా సీమలో బస్సు కూడా తోలేదే. కాపరి, నేర్పరి లాగా ‘తోలరి’ అనేయండి.

— తోలరి అంటే చెప్పులు కుట్టే ఆయన అనుకుంటారు సార్ 😀 ఇంకోటి, మా తెలంగాణల తోలుడంటే పంపుడు. ‘బిడ్డను అత్తగారింటికి తోలిన్రు’ అంటం. తోలరి భార్య అంటే పెండ్లాన్ని పుట్టింటికి తోలినోడు అనుకుంటది మా అమ్మ.

— ‘బుష్’కి, అదే ఆస్ట్రేలియాలో ఊళ్లకి దూరంగా ఉండే ఆ బయలు ప్రాంతానికి, ఏం రాశారు? అడవి అని మాత్రం రాయకండి. లాసన్ చూపించేది చదును నేల, గిడసబారిన చెట్లు, దగ్గరి మనుషుల జాడకి 19 మైళ్లు. ఆ బుష్ మంచిదా చెడ్డదా అని లాసన్, కవి బాంజో పాటర్సన్ అదే పత్రికలో పద్యాల్లో వాదించుకున్నారు. బుష్‌ని వెనకేసుకొచ్చిన పాటర్సన్ పద్యం, ఈ కథ ఒకే సంచికలో పడ్డాయి. వెనకేసుకొచ్చినాయన సిడ్నీలో లాయరు. దూరం నుంచి ఏ ఊరైనా బాగానే ఉంటుంది లెండి.

— బుష్‌ని బుష్ అనే ఉంచేశానండీ. కాపరి సంగతి మాత్రం రాత్రి మళ్లీ కథ చదివాక తేలింది. ఇంటి కిందకి పాము దూరుతుంది. ఆవిడ నలుగురు పిల్లల్నీ వంటగది బల్ల మీద పడుకోబెట్టి, కర్ర పక్కన పెట్టుకుని, కుట్టుపని చేసుకుంటూ తెల్లవార్లూ కూర్చుంటుంది. తోడు ఒక కుక్క. కాపలా కాసేది ఆవిడే. కథలో కాపరి ఎవరైనా ఉంటే ఆవిడే, మొగుడు కాదు. ఆ మాట అతనికి ఇవ్వబుద్ధి కాలేదు.

— అసలు చిక్కు పేరుతో కాదేమో చూడండి. చివర్లో పెద్ద పిల్లాడు తల్లితో, నేనెప్పుడూ డ్రోవింగ్‌కి పోను అంటాడు కదా. మీరు ఏ మాట పెట్టినా ఆ పిల్లాడి నోట పలకాలి. ‘అమ్మా, నేను తోలరిని కాను’ అంటే నాటకంలో డైలాగులా ఉంటుంది.

— నిజమే, అటునుంచి ఆలోచించలేదు. మా తాతగారి ఊళ్లో ‘ఆయన గొర్రెల వెంట పోయాడు’ అనేవారు. ఎన్నాళ్లకొస్తాడో ఎవరూ అడిగేవారు కాదు. ‘అమ్మా, నేను మాత్రం గొర్రెల వెంట పోనే’ అని రాశాను. పేరు ‘మంద వెంట పోయినవాడి భార్య’. పొడుగే, తెలుసు.