కలన గణితానికి (కాలిక్యులస్‌కు) ఆద్యుడు కేరళ గణితజ్ఞుడు సంగమగ్రామ మాధవుడే అనవచ్చా?

లెక్కల మాస్టారు: 1 - 1/3 + 1/5 - 1/7 అంటూ సాగే శ్రేణిని అనంతంగా కూడితే పై (π) విలువలో నాలుగో వంతు వస్తుందని మాధవుడు (సుమారు 1340–1425) కనుగొన్నట్లు ఆయన శిష్యపరంపర చెబుతోంది. ఐరోపా గణితజ్ఞులు గ్రెగరీ, లైబ్నిట్జ్‌లు దాన్ని చేరుకున్నది 1670లలో. ఆద్యుడనడానికి ఇంకేం కావాలి?

సుబోధిని: శ్రేణి మాధవుడిదేనన్న విషయంలో నాకు పేచీ లేదు. కానీ అవకలనం (డిఫరెన్సియేషన్), సమాకలనం (ఇంటిగ్రేషన్) పరస్పర విలోమాలన్న సూత్రాన్ని ఏ వక్రానికైనా వర్తించే పద్ధతిగా మలచినవారు న్యూటన్, లైబ్నిట్జ్‌లు. కేరళ పండితుల కృషి ప్రధానంగా వృత్తం, జ్యా (సైన్), కోజ్యా (కొసైన్)ల చుట్టూ సాగింది.

లెక్కల మాస్టారు: మీరు శ్రేణిని తేలిగ్గా తీసేస్తున్నారు. వెయ్యి పదాలు కూడినా π విలువ మూడో దశాంశ స్థానంలోనే తప్పుతుంది. అందుకే చివర కలపవలసిన దిద్దుబాటు పదాన్ని కూడా ఆ సంప్రదాయం కనిపెట్టింది. మాధవుడిదిగా చెప్పే π విలువ 11 దశాంశ స్థానాల వరకు సరైనది.

బాటసారి: జెస్యూట్ పాద్రీలే దీన్ని ఐరోపాకు చేరవేశారట కదా!

సుబోధిని: ఆ ఊహను నిలబెట్టే రాతప్రతి ఇంతవరకు దొరకలేదండీ.

లెక్కల మాస్టారు: మళ్లీ సాక్ష్యమా? ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి చార్లెస్ విష్ 1830లలోనే ఈ శ్రేణుల గురించి వ్యాసం ప్రచురిస్తే, శతాబ్దం పాటు దాన్ని పట్టించుకున్నవారు అరుదు. నేను పనిచేసిన కళాశాలలో మాధవుడి గురించి ఒక్క పాఠం చెబుతానంటే, పరీక్షలో రాదు కదా అని నవ్వారు. మీ మాటల్లోనూ నాకు ఆ నవ్వే వినిపిస్తోంది.

సుబోధిని: వాళ్లు నవ్వితే నన్ను నిలదీయడం న్యాయం కాదు. నా కోపం వేరు. ఆ పరంపరకే చెందిన జ్యేష్ఠదేవుడు సుమారు 1530లో యుక్తిభాష అనే గ్రంథాన్ని మలయాళ వచనంలో, ఉపపత్తులతో (నిరూపణలతో) సహా రాశాడు. స్పర్శరేఖను సమాన ఖండాలుగా కోసి, ఒక్కో ఖండానికి ఎదురయ్యే చాపఖండాన్ని లెక్కగట్టి, ఖండాల సంఖ్యను పెంచుకుంటూ పోయి శ్రేణిని రాబట్టే ఆ వాదనను ఇంటర్ విద్యార్థి కూడా అనుసరించగలడు. ఆద్యుడెవరని ఏడాది పొడుగునా తగవులాడేవారిలో దాన్ని విప్పి చదివినవారు ఎందరు?

లెక్కల మాస్టారు: పేరే తెలియనివాడు ఆ గ్రంథం దాకా ఎలా వస్తాడు? ముందు పేరు పాఠ్యపుస్తకంలో చేరాలి, ఉపపత్తి దాని వెంట వస్తుంది.

సుబోధిని: పైథాగరస్ పేరు పాఠ్యపుస్తకంలో ఉండనే ఉంది. ఆ సిద్ధాంతానికి ఉపపత్తి రాయమంటే ఎంతమంది రాస్తున్నారు?

వరంగల్ విద్యార్థి: మాస్టారూ, ఆ దిద్దుబాటు పదం ఎలా వస్తుందో ముందు వివరించండి.