థ్రిల్లర్లలో టీనేజ్ అమ్మాయి ఉండేది చచ్చిపోవడానికేనా?

నిద్రపట్టని_అమ్మ:
మొన్న ఆదివారం మా అమ్మాయితో కలిసి 'రాక్షసుడు' మళ్లీ చూశాను, స్కూలు అమ్మాయిల్ని వరసగా చంపేవాడి కోసం ఓ పోలీసు వెతికే కథ. అది తొమ్మిదో తరగతి. 2019లో థియేటర్లో చూసినప్పుడు ఊపిరి బిగబట్టి చూసినదాన్నే. ఈసారి మధ్యలో అది "అమ్మా, చనిపోయిన పిల్లల్లో ఒక్కళ్ల పేరైనా గుర్తుందా నీకు?" అనడిగింది. లేదు. యూనిఫాం గుర్తుంది, గిఫ్ట్ డబ్బాలో బొమ్మ తల గుర్తుంది, ఏడ్చే తల్లిదండ్రులు గుర్తున్నారు. హీరో మేనకోడలి సంగతీ అంతే, ఆ పిల్ల పోతే గానీ కథకి వేడి రాదు. నేనే అతిగా ఆలోచిస్తున్నానా?

సెకండ్_షో_బాబాయ్:
శవం లేకపోతే పోలీసుకి పనేముందమ్మా. దీనికి మూలం 2018 తమిళ 'రాక్షసన్', అక్కడా ఇదే వరస. నాకైతే హంతకుడి కంటే పిల్లల్ని వేధించే ఆ టీచరే ఎక్కువ భయం పుట్టించాడు. వాడికి వేషం అక్కర్లేదు, పిల్లలు ఇంట్లో చెప్పుకోలేరన్న ధైర్యం చాలు.

రీలు_పిచ్చి:
సినిమా చూడనివాళ్లు నా పోస్టు చదవకండి, గుట్టు విప్పేస్తున్నా.
హంతకుడు తల్లి వేషంలో తిరుగుతుంటాడు కదా, అది 1960లో హిచ్‌కాక్ 'సైకో' నాటి ఎత్తు. మగాడు చీరో గౌనో వేస్తే చాలు భయపడాలని మనకి ఎప్పట్నుంచో నేర్పుతున్నారు. నా అసలు బాధ ఇంకోటి. చిన్నప్పుడే ముసలిమొహం తెచ్చిన జబ్బు, స్కూల్లో ఎగతాళి, కాదన్న అమ్మాయి, ఇలా వాడికో పెద్ద ఫ్లాష్‌బ్యాక్ ఉంది. చంపినవాడి చిన్నతనం అంతా తెలుసు, చచ్చినవాళ్లకి ఏ పాట ఇష్టమో కూడా తెలీదు.

గుంటూరు_ప్లీడరమ్మ:
'దృశ్యం' (2014) వదిలేశారేం? టీనేజ్ కూతురు స్నానం చేస్తుంటే దొంగచాటుగా వీడియో తీసింది ఓ కుర్రాడు, పరువు పోతుందని వణికేది ఆ పిల్ల ఇంట్లోవాళ్లు. పిల్లల్ని లైంగిక వేధింపుల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012లోనే వచ్చింది. అయినా ఆ ఇంట్లో ఎవరికీ కేసు పెడదామన్న ఊహే రాదు. వచ్చినా ఏం లాభం లెండి, వాడు పోలీసు ఐజీగారి అబ్బాయి. ఫోన్ పగలగొట్టబోయి వాడు చచ్చేలా దెబ్బ కొట్టింది కూతురు, ఆ తర్వాత సినిమా అంతా దాన్ని కప్పిపెట్టే నాన్నగారి తెలివితేటలే. తెలుగులో తీసింది శ్రీప్రియగారు, కానీ కథ జీతూ జోసెఫ్‌ది కాబట్టి ఆడ డైరెక్టర్ అయినంత మాత్రాన మారిందేమీ లేదు. 2021లో వచ్చిన రెండో భాగం కొంత నయం, ఆ పిల్లకి భయంతో మూర్ఛలు రావడం చూపించారు.

సెకండ్_షో_బాబాయ్:
ప్లీడరమ్మగారూ, చివర్లో ఆ అబ్బాయి తండ్రి వచ్చి పెంపకంలో తప్పు మాదేనని ఒప్పుకుంటాడు కదా, దానికి మార్కులు వెయ్యరా?

గుంటూరు_ప్లీడరమ్మ:
వేస్తా. కాకపోతే ఆయన అది చెప్పింది నాన్నకి. ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు.

రీలు_పిచ్చి:
అమ్మగారూ, మీ పాపకి 2005 నాటి 'అనుకోకుండా ఒక రోజు' చూపించండి. పార్టీకి వెళ్లిన అమ్మాయికి ఒక రోజంతా గుర్తుండదు, పోలీసు సాయం ఉన్నా వెతుకులాట చాలావరకు ఛార్మిదే. పార్టీకి వెళ్తే ఇంతే గతి అన్న వాసన కొంచెం ఉంది, ముందే చెప్తున్నా.

నిద్రపట్టని_అమ్మ:
ఆ వాసన ఎక్కడొస్తుందో పట్టుకోమని రిమోట్ దాని చేతికే ఇస్తా. ఆదివారం రాత్రికి వచ్చి చెప్తాను.