అమెరికా ఫలితం (నవంబర్ 2024): మనవాళ్లున్న చోట ఓటు ఎటు పడింది?

నిజాంపేట నాన్న:
అమెరికా అధ్యక్ష ఎన్నికలో రాష్ట్రాలవారీగా వచ్చే ఎలక్టర్ ఓట్లు ట్రంప్‌కు 312, హ్యారిస్‌కు 226. అంతవరకు అర్థమైంది. టీవీలో మ్యాప్ చూస్తే దేశమంతా ట్రంప్ రిపబ్లికన్ పార్టీ రంగే, ఎర్రగా ఉంది. మా అబ్బాయి న్యూజెర్సీలో, మా తోడల్లుడి కూతురు డాలస్‌లో ఉంటారు. అక్కడి జనం ఎటు వేశారు, ఇప్పుడు ఏమనుకుంటున్నారు? మీ పిల్లలో చుట్టాలో చెప్పింది ఉంటే రాయండి. టీవీ డిబేట్లు వద్దు, అవి నేనూ చూస్తున్నాను.

బోడుప్పల్ లెక్కలు:
ఎరుపు చూసి కంగారు పడకండి సార్, ఆ మ్యాప్‌లో మనుషుల్లేని పొలాలకు కూడా రంగు వేస్తారు. ఎటైనా మొగ్గే స్వింగ్ రాష్ట్రాలు ఏడూ ట్రంప్‌వే, నిజమే. కానీ ఎలక్టర్ల లెక్కలో పెన్సిల్వేనియా 19, మిషిగన్ 15, విస్కాన్సిన్ 10, ఈ మూడూ హ్యారిస్‌కు వచ్చి ఉంటే ఆమెకు సరిగ్గా 270, అంటే గెలుపుకు కావాల్సినన్ని అయ్యేవి. ఆ మూడు చోట్లా ట్రంప్ మెజారిటీ మొత్తం కలిపితే సుమారు 2.3 లక్షలు. మొన్న మల్కాజిగిరిలో ఈటల ఒక్కరి మెజారిటీయే 3.91 లక్షలు! కాలిఫోర్నియాలో ట్రంప్‌కు 60 లక్షల పైచిలుకు ఓట్లు పడ్డా ఒక్క ఎలక్టర్ రాలేదు. మెయిన్, నెబ్రాస్కా తప్ప అన్నిచోట్లా గెలిచినవాడికే ఆ రాష్ట్రం ఎలక్టర్లు మొత్తం.

లౌడన్‌లో హైదరాబాదీ:
నాది వర్జీనియా, ఓటుంది. యాష్‌బర్న్ చుట్టుపక్కలంతా మనవాళ్లే. మా లౌడన్ కౌంటీలో (మన జిల్లా లాంటిది) 2020లో బైడెన్‌కు 25 శాతం పాయింట్ల ఆధిక్యం, ఈసారి హ్యారిస్‌కు 16. ఆ రాత్రి త్వరగా లెక్క తేలిన పెద్ద కౌంటీల్లో మాదొకటి. ఆ అంకె చూడగానే మా ఆవిడ "ఇక పడుకుందాం పద" అంది. నాన్నగారూ, మీ న్యూజెర్సీ కూడా అంతే. 16 పాయింట్ల తేడా ఆరుకు దిగింది. మ్యాప్‌లో హ్యారిస్ నీలమే కాబట్టి ఎవరికీ కనిపించదు.

ఎందుకంటారా? గుడిలో ప్రసాదం లైన్లో నేను విన్నది చెప్తాను. ఒక పెద్దాయన: "గ్రీన్‌కార్డు కోసం ఏళ్లకేళ్లు కూర్చున్నాం, బోర్డర్ దాటి వచ్చినవాళ్లకేమో హోటల్ గదులు." వెనకాల ఉన్న ఆయన కూతురు అక్కడికక్కడే "నాన్నా, గర్భస్రావం సంగతిలో నా ఒంటి మీద నిర్ణయం నాదే, నేను హ్యారిస్‌కే వేశాను" అంది. ఇద్దరూ ఒకే కారులో వచ్చారు, ఒకే కారులో వెళ్లారు. మధ్యలో మాటల్లేవు.

దిల్‌సుఖ్‌నగర్ తమ్ముడు:
డాలస్ సంగతి అన్నయ్య చెప్పాడు. డాలస్ కౌంటీ హ్యారిస్‌దే. మనవాళ్లు ఇళ్లు కొనుక్కున్న ప్లేనో, ఫ్రిస్కో వైపు కొలిన్ కౌంటీ ట్రంప్‌ది. అసలు వింత మెక్సికో సరిహద్దులోని స్టార్ కౌంటీ. దాదాపు అందరూ హిస్పానిక్‌లే (లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లు), అయినా 1892 తర్వాత మొదటిసారి రిపబ్లికన్‌కు వేశారు. వలసల మీద అన్ని మాటలన్న మనిషికి! ధరలే కారణమని అన్నయ్య అంటాడు. నాకు అదొక్కటే అనిపించదు.

టోలిచౌకి భాయ్:
మా ఖాలా కొడుకు డియర్‌బోర్న్‌లో ఉంటాడు, మిషిగన్. అరబ్బులు ఎక్కువున్న ఊరు. 2020లో బైడెన్‌కు గుత్తగా వేసిన ఊళ్లో ఈసారి ట్రంప్‌కే ఎక్కువ ఓట్లు. గాజా విషయంలో ఒళ్లు మండి కొందరు అటు పోయారు, కొందరు గ్రీన్ పార్టీ జిల్ స్టైన్‌కు వేశారు. మావాడూ స్టైన్‌కే వేశాడట. "మరి లాభం ఏంట్రా?" అంటే ఫోన్ వాళ్లమ్మకిచ్చేశాడు.

తార్నాక గోదావరి:
మా అమ్మమ్మవాళ్లది తణుకు వైపు. ట్రంప్‌తో ఉపాధ్యక్షుడిగా గెలిచిన జె.డి. వాన్స్ భార్య ఉషా వాన్స్ పూర్వీకులది మా దగ్గరి వడ్లూరే కాబట్టి అక్కడ సంబరాలు. తమిళనాడులో హ్యారిస్ తాతగారి ఊరు తులసేంద్రపురంలో చేసిన పూజలు మాత్రం ఫలించలేదు. మా మామయ్య "అటు గెలిచినా ఇటు గెలిచినా మనమ్మాయే" అని ముందే లడ్డూలు చెప్పి పెట్టాడు. వీసా ఆగితే ఆ లడ్డూలు ఎవరికి పెడతాడో చూడాలి!

మణికొండ అమ్మ:
మీరంతా ఓట్ల గురించి మాట్లాడుతున్నారు, నా టెన్షన్ వేరు. మా పాప మాస్టర్స్ చేస్తోంది, డిసెంబర్ సెలవులకు టికెట్ కొన్నాం. జనవరి 20న ప్రమాణ స్వీకారం కదా, రూల్స్ మారతాయేమోనని ఆలోపే తిరిగి అమెరికా వచ్చేయమని యూనివర్సిటీ నుంచి మెయిల్. పాప ఇంటికి రావాలా వద్దా?

నిజాంపేట నాన్న:
అమ్మా, మావాడిదీ అదే గొడవ. హెచ్-1బి ఉద్యోగ వీసా, ఓటు లేదు, భయం మాత్రం ఓటున్నవాళ్లకంటే ఎక్కువ.

లౌడన్‌లో హైదరాబాదీ:
మణికొండ అమ్మగారూ, టికెట్ కాన్సిల్ చేయకండి. పాప రావచ్చు, తిరుగు ప్రయాణం జనవరి మొదటి వారానికి మార్చండి. పాస్‌పోర్టులో వీసా గడువు, యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 కాగితం మీద ట్రావెల్ సంతకం బయల్దేరేముందే చూసుకోమనండి. ఇక్కడ కొత్తగా వీసా స్టాంపింగ్ చేయించుకోవాల్సి ఉంటే మాత్రం ఈసారికి రావద్దనే అంటాను.

మణికొండ అమ్మ:
వీసా 2027 దాకా ఉంది. సంతకం సంగతి ఇప్పుడే అడుగుతాను. అక్కడ తెల్లారిందా?