యుద్ధం వస్తే ఇనుము, బంగారం, ధాన్యం మీద సర్కారు కట్టడి ఉండాలా? లెక్క ఎవరు అడగాలి?

పాలమూరు మాస్టారు (చర్చ మొదలుపెట్టినవారు)
మొన్న ఆదివారం మా కాలనీలో రిటైరైనవాళ్లం నలుగురం కూర్చుంటే ఈ మాట వచ్చింది. యుద్ధం వస్తే వ్యాపారం మొత్తాన్ని ప్రభుత్వం అదుపులోకి తీసుకోవడం న్యాయమేనా అని. నేను న్యాయమే అంటాను. 1940 జులైలో బ్రిటన్‌లో విమానాల కోసం అల్యూమినియం గిన్నెలు అడిగితే జనం ఇళ్లలోంచి తెచ్చి ఇచ్చారు. మరుసటి ఏడాది నుంచి పార్కుల చుట్టూ ఉన్న ఇనుప కమ్మీలు కూడా కోసి తీసుకుపోయారు. ఎవరికి తోచిన ధరకు వాళ్లు అమ్ముకుంటుంటే యుద్ధం నడవదు. అయితే లెక్క కూడా ఉండాలి. అమెరికాలో ట్రూమన్ అనే సెనేటర్ అధ్యక్షుడు కాకముందు, 1941 మార్చిలో, యుద్ధ ఖర్చుల మీద విచారణ కమిటీ పెట్టించాడు. దానికి మొదట ఇచ్చింది 15,000 డాలర్లే. నాసిరకం విమాన ఇంజన్లు, ఉక్కు పలకల పరీక్షల్లో దొంగ రాతలు ఆ కమిటీయే బయటపెట్టింది. కట్టడీ ఉండాలి, దాని మీద కాపలా కూడా ఉండాలి. మీరేమంటారు?

మిర్యాలగూడ పాత ఇనుము
సార్, నమస్తే. ఇరవై రెండేండ్లుగా పాత సామాన్ల దుకాణం నడుపుతున్నాను. పొద్దుగూకే వేళకు బండ్లవాళ్లు సరుకు తెచ్చి కాటా మీద పోస్తారు. బీడు వేరు, రేకు వేరు, రాగి వైరు వేరు, సిల్వర్ గిన్నెలు, అంటే అల్యూమినియంవి, వేరు చేయాలి. గిన్నె పిడి దగ్గర ఇనుప రివిటు ఉంటుంది. అది కొట్టి తీయకపోతే కరిగించేవాడు ధర కోసేస్తాడు. ఊరంతా గిన్నెలు పోగేసినంత మాత్రాన విమానం అయిపోదని చెప్తున్నాను. ఆ చాకిరీ ఎవరు చేస్తారు?

కట్టడి అంటారా, యుద్ధం లేకుండానే మాకు ఉంది. 2024 అక్టోబర్ నుంచి రిజిస్ట్రేషన్ లేనివాళ్ల దగ్గర కొన్న ఇనుముకు కూడా 18 శాతం జీఎస్టీ కొన్నవాళ్లమే కట్టాలి. తర్వాత సర్దుబాటు అవుతుంది, నిజమే. కానీ అంతదాకా చేతిలో పైసలు ఆడవు. అది కూడా భరిస్తాం. ఒకసారి ఎవరిదో బోరు మోటారు వైరు పోయిందని వచ్చి నా దుకాణానికి మూడు రోజులు తాళం వేయించారు. వైరు వేరే ఊళ్లో దొరికింది. నాకు ఒక్క మాట కూడా చెప్పలేదు. యుద్ధం వస్తే ముందు నా కాటా దగ్గరికే వస్తారు సార్, పెద్ద గోదాముల దగ్గరికి పోరు.

దేవరకొండ రైతు
రెండో ప్రపంచ యుద్ధంలో నిజాం ప్రభుత్వం లెవీ పేరుతో, అంటే ప్రతి రైతు సర్కారుకు తప్పక పోయాల్సిన వాటా అని, ధాన్యం గుంజుకున్నది మరిచిపోయారా? దొరల గడీల జోలికి పోలేదు. చిన్న రైతు గరిసెలు ఊడ్చారు. లెవీకి గింజలు చాలక, బయట ఎక్కువ ధరకు కొని పోసినవాళ్లు ఉన్నారు.

పాలమూరు మాస్టారు
అది నిజాం పాలన. మనం ఎన్నుకున్న ప్రభుత్వం సంగతి వేరు.

నల్లగొండ అవుసుల బిడ్డ
వేరు కాదు సార్. 1962 అక్టోబర్ 20న చైనాతో యుద్ధం మొదలైంది, నవంబర్ 21కి కాల్పులు ఆగినయి. 1963 జనవరిలో భారత రక్షణ నిబంధనల కింద బంగారం కట్టడి తెచ్చారు. 14 క్యారెట్లకు మించి కొత్త నగ చేయొద్దన్నారు. అంటే నూరు పాళ్లలో 58 పాళ్లే బంగారం. మా నాయన చెప్పేవాడు, ఆ బంగారం గీటురాయి మీద గీస్తే ఎర్రగా కనబడేదట, దాకలి మీద సుత్తితో సాగగొడితే అంచులు పగిలేవట. అట్లాంటి దాంతో పుస్తెలు చేయించుకునేది ఎవరు? పెండ్లిండ్ల సీజన్లో కుంపటి చల్లారిపోయింది. నాయన పట్టకారు, ఊదుగొట్టం సంచిలో కట్టి అటక మీద పెట్టి, సుతారి మేస్త్రి దగ్గర ఇటుకలు అందించడానికి పోయాడు. దేశంలో ఎంతో మంది కంసాలులు పని పోగొట్టుకున్నారు. ప్రాణాలు తీసుకున్నవాళ్లు కూడా ఉన్నారు. 14 క్యారెట్ల షరతు 1966లో తీసేశారు, కానీ 1968లో చట్టమే చేశారు, దాన్ని ఎత్తేసింది 1990లో. యుద్ధం నెల రోజులు. కట్టడి 27 ఏండ్లు.

భువనగిరి కోట
బంగారం అంటే గుర్తొచ్చింది. నిజాం దేశ రక్షణకు 5,000 కిలోల బంగారం దానమిచ్చాడు. అట్లా ఇచ్చేవాళ్లు ఉంటే కట్టడులు ఎందుకు?

దేవరకొండ రైతు
దానం కాదన్నా. 1965లో జాతీయ రక్షణ బంగారం బాండ్లలో 425 కిలోలు పెట్టాడు. వడ్డీ ఆరున్నర శాతం.

భువనగిరి కోట
మా తాత చెప్పింది 5,000 అని. పెట్టెలు పెట్టెలు పోయినయట.

మిర్యాలగూడ పాత ఇనుము
425 అయినా 5,000 అయినా, ఇప్పుడు దానికి దీనికి ఏం సంబంధం?

నల్లగొండ అవుసుల బిడ్డ
సంబంధం ఉందన్నా. ఉన్నాయన పెడితే వడ్డీ కట్టారు. లేనివాళ్లు ఒంటి మీది బంగారం ఊరికే ఇచ్చారు. ఏమైందో ఎవరూ చెప్పలేదు. మాస్టారు చెప్పిన గిన్నెలు, కమ్మీల సంగతీ అంతే. జనం దగ్గర పోగేసి, జనాన్ని ఊరడించే పని.

పాలమూరు మాస్టారు
ఆగండి. "ఊరికే" అన్నారు. 1962లో నాకు ఏడేండ్లు. మా అమ్మ జత బంగారు గాజులు తీసి రక్షణ నిధికి ఇచ్చింది. తీసేటప్పుడు సబ్బు నీళ్లు పోసి లాగితే చెయ్యి గీరుకుపోయింది, నాకు ఇంకా గుర్తుంది. ఎవరూ బలవంతపెట్టలేదు. ఆ తర్వాత బతికినంత కాలం గాజు గాజులే వేసుకుంది. దాన్ని ఊరడింపు అనడానికి మీకు నోరెట్లా వచ్చింది? లెక్కలు అడగొచ్చు. ఇచ్చినవాళ్లను వెర్రివాళ్లను చేయొద్దు.

నల్లగొండ అవుసుల బిడ్డ
మీ అమ్మగారిని నేను అనలేదు సార్. చేతులు జోడించి చెప్తున్నాను. ఆమె తన ఇష్టంతో ఇచ్చింది, ఊరు మెచ్చుకుంది. మా నాయనను ఎవరూ అడగలేదు. బంగారం కాదు, ఆయన పని తీసుకున్నారు. అది కూడా దేశం కోసమే అన్నారు కదా? మరి ఆయన పేరు ఏ దాతల పట్టీలో రాశారు? పోయి పన్నెండేండ్లయింది, చివరి దాకా తప్పు చేసినవాని లెక్క ఆ మాట ఎత్తితే తల దించుకునేవాడు. నాకు మంట అక్కడ. కట్టడి వద్దని నేను అనలేదు, మొదటి నుంచీ.

మిర్యాలగూడ పాత ఇనుము
నేనూ అదే చెప్తున్నాను సార్. అడిగి తీసుకోండి, రాసి తీసుకోండి, యుద్ధం అయిపోగానే ఎత్తేయండి. తాళం వేసినోడు తీసిన రోజన్నా మాట్లాడాలి.

దేవరకొండ రైతు
తేదీ ముందే రాయాలి చట్టంలో. ఫలానా రోజుతో సరి అని.

పాలమూరు మాస్టారు
రాత్రి నిద్ర పట్టలేదు. అమ్మ ట్రంకుపెట్టె తీసి రసీదు వెతికాను. మీకు చూపించి నోరు మూయిద్దామనే వెతికాను, దాచుకోను. దొరికింది. "బంగారు గాజులు 2" అని ఉంది. తూకం రాయలేదు. ఇన్నేండ్లలో వంద సార్లు చూసి ఉంటాను, ఆ సంగతి నిన్ననే కంటబడింది. తమ్ముడూ, మీ నాయనగారి విషయంలో మీరు చెప్పింది నేను ముందే వినాల్సింది.

నల్లగొండ అవుసుల బిడ్డ
సార్, నాయన చేసిన నగల తూకాల పుస్తకం నా దగ్గర ఉంది. ఆ రోజుల్లో జత గాజులు ఎన్ని తులాలకు చేసేవాళ్లో అందులో చూసి రేపు రాస్తాను.