ఫాదర్‌గారి నిర్ణయం మీద బిషప్‌గారికి అర్జీ పెడితే అవిధేయతా?

చిన్నప్ప_గుంటూరు: మాది గుంటూరు పక్కన ఒక కథోలిక విచారణ (పారిష్). పల్లెలోని చిన్న గుడిలో శనివారం సాయంత్రం పూజ (మాస్) ఫాదర్‌గారు ఆపేశారు, ఇక అందరూ ఆదివారం పెద్ద గుడికే రావాలట. ముసలివాళ్ళు అంత దూరం రాలేరు. బిషప్‌గారికి అర్జీ రాస్తుంటే అది అవిధేయత అని విచారణ పెద్దలు ఆపుతున్నారు. మీరేమంటారు?

ఇన్నయ్య_గుణదల: అవిధేయతే. బైబిల్లో హెబ్రీ 13:17 చదవండి. మన ఆత్మల గురించి లెక్క చెప్పాల్సినవాళ్ళు వాళ్ళు, అందుకే మాట వినమంది. మా నాన్న ఉపదేశిగా, అంటే గుడిలో మతబోధ చేసేవాడిగా, జీవితమంతా చేశారు. కొత్తగా వచ్చిన ఫాదర్ ఒకరు రేపటి నుంచి రావద్దంటే తాళాలు ఇచ్చేసి వచ్చారు, ఒక్క మాట అనలేదు, చనిపోయేదాకా పూజ మానలేదు. విశ్వాసం అంటే అది.

మరియ_తెనాలి: అన్నా, మీ నాన్నగారంటే గౌరవమే. కానీ 1983 శ్రీసభ (కథోలిక చర్చి) చట్టంలో 212వ నియమం పూర్తిగా చూడండి. గురువులు విశ్వాస బోధకులుగా చెప్పింది, శ్రీసభ పాలకులుగా నిర్ణయించింది పాటించాలని మొదట ఉంది. శ్రీసభ మేలు కోసం మన అభిప్రాయం వాళ్ళకు చెప్పడం మన హక్కు, ఒక్కోసారి బాధ్యత కూడా అని మూడో భాగంలో ఉంది. పూజ కావాలని అడగడం పాటించకపోవడం కాదు కదా.

ఇన్నయ్య_గుణదల: చెప్పడం అంటే ముందు ఫాదర్‌గారికి! నిర్ణయం చేసినవారినే ముందు రాతలో అడగడం పద్ధతి. అడిగారా?

చిన్నప్ప_గుంటూరు: అడిగాం. కాగితం పక్కన పెట్టేశారు.

జోజి_ఆర్: కేరళలో ఎర్నాకుళంలో పూజ విధానం మీద గొడవ ముదిరి 2022లో అక్కడి పెద్ద గుడి, బసిలికానే మూతపడింది. ఆలోచించండి.

మరియ_తెనాలి: పౌలు పేతురునే ముఖం మీద నిలదీశాడు, గలతీ 2:11.

ఇన్నయ్య_గుణదల: పౌలు అపోస్తలుడు. మనం కాదు. ఇంతకీ ఫాదర్‌గారికి ఇచ్చిన కాగితం మీద తేదీ ఉందా, నకలు ఉందా?

చిన్నప్ప_గుంటూరు: తేదీ కాదన్నా అసలు సంగతి. పెద్ద గుడిలో ఆదివారం రెండో పూజ కూడా తీసేస్తామన్నారు. అక్కడి పెద్ద ఇళ్ళవాళ్ళు ఫోన్లు చేస్తే వారం తిరక్కుండా మళ్ళీ పెట్టారు. వాళ్ళని ఎవరూ అవిధేయులు అనలేదు. మాల మాదిగ పల్లెలవాళ్ళం కాగితం రాసేసరికి అందరికీ హెబ్రీ 13:17 గుర్తొచ్చింది.

ఇన్నయ్య_గుణదల: కులం తేవద్దు. 2022లో పూల ఆంథోనీ గారు కార్డినల్ అయ్యారు, దళితుల్లోంచి మొదటి కార్డినల్ మన తెలుగువారే.

మరియ_తెనాలి: ఆ రోజు మా ఇంట్లో పండగ చేసుకున్నాం. అయినా పల్లెలో పూజ ఎందుకు ఆగిందో దానికి అది జవాబు కాదు. మీ నాన్నగారి కోసం ఆ రోజు ఎవరైనా అడిగి ఉండాల్సింది.

ఇన్నయ్య_గుణదల: మా నాన్న చేతకాక ఊరుకోలేదమ్మా! గొడవైతే గుడి రెండుగా చీలుతుందని, సగం కుటుంబాలు పక్క వీధి పాస్టర్ దగ్గరికి పోతాయని ఊరుకున్నారు. నా భయం కూడా అదే. కోపంతో లేచి వెళ్ళిపోయినవాళ్ళు మళ్ళీ సత్ప్రసాదానికి (పూజలో ఇచ్చే అప్పానికి) రారు, నేను చూశాను.

చిన్నప్ప_గుంటూరు: పూజ లేక ఇప్పుడే పోతున్నారన్నా. మా మేనత్త వాళ్ళు వెళ్ళిపోయారు. మేం పోకుండా ఉండటానికే బిషప్‌గారిని అడుగుతున్నాం.

ఇన్నయ్య_గుణదల: అయితే పూజ కావాలని మాత్రం రాయండి, నేను అడ్డు చెప్పను. కులం మాట తీసేయండి.

చిన్నప్ప_గుంటూరు: అది తీసేస్తే మమ్మల్ని ఎందుకు పట్టించుకోలేదో ఆయనకు తెలియదు. ఆ మాటతోనే రాశాం, ఈ ఆదివారం సంతకాలు.